వెళ్ళనివ్వని నల్లబావి

నల్లబావి పేరు మా ఊళ్ళో చీకటి పడ్డాక ఎవరూ ఎత్తరు. ఎత్తాల్సి వస్తే "ఆ పైది" అంటారు. అంతే.

మా లోయలోంచి నరీన్ పట్నం వెళ్ళాలంటే కొండ దాటాలి. దారి ఒక్కటే. ఊరు దాటగానే మొదలయ్యే ఎక్కుడు ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు. పైకి, ఇంకా పైకి పోయి, ఒక మలుపు దగ్గర కాస్త చదునవుతుంది. ఆ చదును మీద ఒక రాతి ఇల్లు. కప్పు సగం కూలింది. తలుపు లేదు. ఇంటి ముందు బావి... లోపలికి తొంగి చూస్తే నీళ్ళు కనపడవు. నలుపే కనపడుతుంది.

ఒకప్పుడు రోడ్డు బాగుచేసే మామ్‌బెత్, వాళ్ళావిడ ఆ ఇంట్లో ఉండేవాళ్ళు. ఆవిడ నిండు చూలాలు. మొదటి మంచు పడే రోజుల్లో, ఒక సాయంత్రం, నీళ్ళు తోడుకొస్తానని బయటికెళ్ళింది. తిరిగి రాలేదు. బావి గట్టు మీద ఆమె తలగుడ్డ దొరికింది. బొక్కెన దొరికింది. ఆమె దొరకలేదు.

అప్పట్నుంచీ లోయ విడిచి వెళ్ళే బండ్లను ఆమె ఆపుతుందని చెప్పుకుంటారు. వచ్చే బండ్ల జోలికి పోదు. వెళ్ళేవాటినే. తను బిడ్డతో కొండ దాటలేకపోయింది కదా... ఇంకెవర్నీ దాటనివ్వదట. పాత రోజుల్లో లారీలు ఊరి నుంచి బాగానే ఎక్కి, సరిగ్గా ఆ ఇంటి ముందుకొచ్చేసరికి కుతకుత ఉడికి ఆగిపోయేవని మా నాన్న కూడా చెప్పేవాడు. మామ్‌బెత్ మొన్నటి వసంతం దాకా బతికే ఉన్నాడు. తాగినప్పుడల్లా ఆ కథ చెప్పి ఏడ్చేవాడు. "బావి మింగేసింది నా పెళ్ళాన్ని" అంటూ. విన్నవాళ్ళం తలుపులు గట్టిగా వేసుకుని పడుకునేవాళ్ళం.

ఇప్పుడు నేను చెప్పేది ఒమురాలికి జరిగింది. వాళ్ళదీ మాదీ ఒకే గోడ. కొంత నా చెవులతో విన్నాను. మిగతాది వాళ్ళావిడ బూరుల్ మా పొయ్యి దగ్గర కూర్చుని టీ తాగుతూ చెప్పింది.

ఒమురాలి పశువుల డాక్టరు. చుట్టుపక్కల ఏ దొడ్లో గొర్రె తల వాల్చినా ఆయనే పోవాలి. ఆయనకొక జీపు ఉంది. రష్యా వాళ్ళ కాలం నాటిది, తలుపులు తాడుతో కట్టుకునే రకం. అయినా దానంత నమ్మకమైన బండి లేదని ఆయన వాదన.

పోయిన శరదృతువులో, టీకా మందులు తేవడానికి సాయంత్రం పట్నం బయల్దేరాడు. దారిలో చీకటి పడింది. ఎక్కుడు మీద రెండో గేరులో, యాక్సిలరేటర్ నేలకంటా తొక్కి పోతున్నాడు. వేడి చూపించే ముల్లు కదిలింది. ముందు కొంచెం. తర్వాత ఇంకొంచెం... చూస్తుండగానే ఎర్ర గీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

చదును కనపడగానే పక్కకి తీసి ఇంజను ఆపాడు.

అప్పుడు తల ఎత్తి చూశాడు. ఎదురుగా... తలుపు లేని ఇల్లు.

గాలి లేదు. చప్పుడు లేదు. మంచు వాసన మాత్రం ఉంది. అప్పుడు వినిపించింది — చాలా దగ్గర్లో — ఆడమనిషి గుండె బరువు దించుకుంటున్నట్టు, ఒక పొడుగాటి నిట్టూర్పు.

"హూఁ... ఊఁ..."

ఒమురాలి చేతిలోని తాళాలు కింద పడ్డాయి.

ఎవరూ లేరు. కాసేపటికి ధైర్యం తెచ్చుకుని బానెట్ ఎత్తాడు. టార్చి వేసి చూశాడు. ఏ పైపూ పగల్లేదు. ఏ బెల్టూ తెగలేదు. బొట్టు కారడం లేదు. చల్లారేదాకా ఆగి, సీసాలో ఉన్న, ఇంజను చల్లబరిచే కూలెంటు పోసి, స్టార్ట్ చేస్తే... ఏమీ జరగనట్టు నడిచింది. పట్నం పోయాడు. వచ్చాడు. వచ్చేటప్పుడు ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"వెళ్ళేటప్పుడే గదూ?" అంది బూరుల్, తలుపు దగ్గరే నిలబడి. ఒక చెయ్యి కడుపు మీద ఉంది.

ఇక్కడొక మాట చెప్పాలి. బూరుల్‌కి నలభై దాటింది. ఏళ్ళ క్రితం ఒక కాన్పయింది. ఆపరేషన్ చేశారు, బిడ్డ దక్కలేదు. ఇక పిల్లలుండరనుకున్న తర్వాత మళ్ళీ ఇప్పుడు కడుపు పండింది. పట్నం డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది — ఇంట్లో కనే ప్రయత్నం చెయ్యొద్దు, పాత కుట్లు తట్టుకోవు, నెలలు నిండకముందే వచ్చి ఆసుపత్రిలో పడుకో అని. అంటే కొండ దాటాలి. నల్లబావి ముందు నుంచి... కడుపుతో.

"అది బండి జబ్బు. బాగుచేస్తాను" అన్నాడు ఒమురాలి.

అక్కడ మొదలైంది ఆయన అవస్థ.

మర్నాడు రేడియేటర్ మూత మార్చాడు. పట్నం వైపు పోయి చూశాడు. నల్లబావి దగ్గర ఉడికింది. బెల్టు బిగించాడు. ఉడికింది. రేడియేటర్ ఊడదీసి, వెనిగర్ పోసి, మా ఇద్దరి ఇళ్ళ మధ్య ఉన్న కాలవలో దొర్లించి దొర్లించి కడిగాడు. ఒకవైపు పోసిన నీళ్ళు రెండోవైపు నుంచి జలజలా కారాయి. "చూశారా, పిల్ల గొంతులా శుభ్రంగా ఉంది!" అని మాకందరికీ చూపించాడు. మళ్ళీ పోయాడు. మళ్ళీ అదే మలుపు. అదే ఆవిరి. బండి ఆపగానే అదే నిట్టూర్పు.

తిరిగొచ్చి జీపు చక్రాన్ని కాలితో తన్నాడు. బొటనవేలు వాచింది. దాంతో రెండు రోజులు చెప్పు కూడా వేసుకోలేకపోయాడు.

తర్వాత థర్మోస్టాట్ మీద పడింది అనుమానం. అది వేడికి తెరుచుకోవాలి, లేకపోతే నీళ్ళు తిరగవు. సరే, ఊడదీశాడు. ఎందులో వేసి మరిగించాడనుకున్నారు? బూరుల్ పలావు వండే కళాయిలో.

ఆ అరుపు మా ఇంట్లోకి వినపడింది.

"నా కళాయిలోనా? మా అమ్మ ఇచ్చిన కళాయిలో నీ బండి ముక్క ఉడకబెడుతున్నావా?"

"ఉండవే, ఒక్క నిమిషం! ఇదిగో, తెరుచుకుంటోంది... తెరుచుకుంది! బాగానే ఉంది!"

"బాగానే ఉంటే ఎందుకంత ఏడుపు మొహం?"

"బాగానే ఉంది కాబట్టే!" అని అరిచాడు ఒమురాలి. "పాడైతే మార్చేవాణ్ణి గదా! అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కటీ పాడవలేదు. మరి ఎందుకు ఉడుకుతోంది? ఆవైతే చెవి పట్టుకుని చూసి చెప్పేద్దును. గుర్రమైతే నడక చూసి చెప్పేద్దును. దీనికి జ్వరం వస్తుంది, నేను చెయ్యి వేసేసరికి తగ్గిపోతుంది! దొంగ వెధవ!"

నిజంగా అదే బాధ ఆయనకి. ఇంటి ముందర నిలబెట్టి గంటలకొద్దీ ఇంజను నడిపినా ముల్లు కదలదు. నూనె తీసి చూశాడు, అందులో నీళ్ళు కలవలేదు. రేడియేటర్‌లో బుడగలొస్తున్నాయేమోనని మూత తీసి ముక్కు కాలేదాకా చూశాడు. రాలేదు. పంపు నీళ్ళు తోడుతోంది. పైపులన్నీ చేత్తో నొక్కి చూశాడు. కింది రబ్బరు పైపు కాస్త మెత్తగా తగిలింది, పాత రబ్బరు కదా అనుకుని వదిలేశాడు. ఒకసారి బూరుల్‌ని కూర్చోబెట్టి యాక్సిలరేటర్ తొక్కమన్నాడు. ఆమె కడుపు స్టీరింగ్‌కి తగులుతుంటే, పెట్రోలు కాలిపోతుందన్న దిగులుతో, పిల్లి మీద కాలేసినట్టు మెల్లగా తొక్కింది. ఏమీ తెలియలేదు.

ఊరు ఊరుకుంటుందా? ఎదురింటి జెక్షెన్ రోజూ గోడ మీద మోచేతులు ఆనించి నిలబడేవాడు.

"ఏం డాక్టరన్నా, ఇవాళ ఏ భాగం కోశావు?"

"పోరా."

"నేను చెప్పేది విను. ఇంతమంది బండ్లు పోతున్నాయి ఆ దారిన. నా కారు పోతోంది. ఎవర్నీ ఆపదు. నిన్నే ఆపుతోంది. ఆవిడకి నీ మీద మనసుపడింది."

"నీ కారు నిన్నగాక మొన్న కొన్నది. నాది నీకంటే ముందు పుట్టింది."

"అదే అంటున్నా. ఆవిడ కాలం నాటిది కాబట్టే గుర్తుపట్టింది." ఆ మాట అనేసి జెక్షెన్ తనే ఒకసారి వెనక్కి తిరిగి కొండ వైపు చూసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "వేళాకోళం కాదన్నా. ముల్లాని తీసుకెళ్ళి అక్కడ రెండు మాటలు చదివించు. వదిన పరిస్థితి చూస్తున్నావుగా..."

ఒమురాలికి దెయ్యాల మీద నమ్మకం లేదు. కానీ ఆ నిట్టూర్పు ఆయన చెవులతో విన్నాడు. అది ఎవరికీ చెప్పలేదు — రాత్రిళ్ళు నిద్రపట్టక, ఒకసారి బూరుల్‌కి చెప్పేదాకా. చెప్పినందుకు తర్వాత నాలిక కొరుక్కున్నాడు. ఎందుకంటే బూరుల్ లేచి కూర్చుంది.

"నేను పోను" అంది.

"ఎక్కడికి?"

"పట్నానికి. ఇక్కడే కంటాను. ఏమైనా ఇక్కడే అవుతుంది. నేను ఆవిడ ముందు నుంచి పోను. ఒకసారి బిడ్డని పోగొట్టుకున్నాను..."

"కుట్లు తట్టుకోవని చెప్పింది గదే డాక్టరమ్మ!"

"నువ్వే చెప్పావు గదా, అక్కడ ఆవిడ నిట్టూర్చిందని!"

ఇంతమందిలో దెయ్యం లేదని గట్టిగా అన్న మనిషి ఒక్కతే. ఒమురాలి తల్లి, ముసలావిడ ఉల్కాన్. పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుని ఉన్ని వడుకుతూ ఉంటుంది. జెక్షెన్ ముల్లా సంగతి ఎత్తితే కదురు ఆపి ఒక్కటే మాట అంది.

"అక్కడ దెయ్యం లేదు. ఉంటే నీ బండిలో ఉంది. వెతుకు."

"వెతుకుతూనే ఉన్నానమ్మా!"

"నీ మొహం వెతికావు."

"నీకెలా తెలుసు లేదని?" అన్నాడు ఒమురాలి విసుగ్గా.

కదురు మళ్ళీ తిరిగింది. ముసలివాళ్ళ మొండితనం అనుకున్నాం అందరం.

చివరికి ఒక ఏర్పాటు చేశారు. పైవారం జెక్షెన్ కారులో, మిట్టమధ్యాహ్నం, బూరుల్ కళ్ళకి గుడ్డ కట్టి పట్నం తీసుకెళ్ళాలి. బూరుల్ దానికి ఒప్పుకుంది. ఒమురాలి మాత్రం బండిని వదల్లేదు. కోపమో, పంతమో... సాయంత్రం కాగానే బానెట్ ఎత్తి దాని నోట్లో తల పెట్టేవాడు.

ఆ సాయంత్రం మంచు మొదలైంది. మెత్తగా, ఆగకుండా. పొద్దు తొందరగా కుంకింది. ఒమురాలి ఇంజను నడుపుతూ, పళ్ళ మధ్య టార్చి పట్టుకుని, వంగి నిలబడ్డాడు. చేతులు కొంకర్లు పోయాయి. ఇంజను బాగా వేడెక్కింది. ముల్లు మామూలు చోటే ఉంది. ఎప్పటిలాగే.

పానా విసిరి కొట్టాడు. అది మా గోడకి తగిలి ఠంగుమంది.

"నా వల్ల కాదు! తగలబెట్టేస్తాను దీన్ని! ఇవాళే తగలబెడతాను!"

తలుపు తెరుచుకుంది. ముసలావిడ ఉల్కాన్ ఉన్ని బూట్లు ఈడ్చుకుంటూ మంచులోకి వచ్చింది. నేను గోడ మీంచి చూస్తున్నాను. ఎవరితో మాట్లాడకుండా జీపు తలుపు తాడు విప్పి, డ్రైవరు సీట్లోకి ఎక్కింది.

"అమ్మా, ఏం చేస్తున్నావ్?"

"ఏది తొక్కాలి?"

"కుడివైపుది... ఎందుకమ్మా, చలి..."

"ఇదా?"

"మెల్లగా తొక్కు, మెల్ల—"

"మెల్లగా మెల్లగా అని నెల గడిపావు. కొండెక్కేటప్పుడు మెల్లగా తొక్కుతావా నువ్వు?"

ఉన్ని బూటుతో నేలకంటా తొక్కింది.

జీపు గర్జించింది. కప్పు మీది మంచు జారి పడింది. దొడ్లో గొర్రెలు అరిచాయి. ఆవిడ కాలు తియ్యలేదు. మొహంలో కోపం — ఎవరి మీదో, ఎప్పటిదో.

ఒమురాలి బానెట్ కింద టార్చి పట్టుకుని నిలబడ్డాడు. వెలుగు కింది రబ్బరు పైపు మీద పడింది. రేడియేటర్ అడుగు నుంచి పంపుకి పోయే పైపు అది.

పైపు నలుగుతోంది.

ఆయన కళ్ళార్పాడు. మళ్ళీ చూశాడు. ఎవరో కనపడని చేత్తో పట్టుకుని పిసుకుతున్నట్టు... రెండు వైపుల నుంచీ... నడుము సన్నబడింది. ఇంకా సన్నబడింది. గొంతు పిసికినట్టు, రెండు గోడలూ అంటుకుపోయి బల్లపరుపైపోయింది.

ఒమురాలి కేక పెట్టాడు. మనిషి పెట్టే కేక కాదది. నా చేతిలోని చెంబు గోడ అవతల పడింది.

ముసలావిడ భయపడి కాలు తీసేసింది. ఇంజను చప్పుడు తగ్గింది.

టార్చి వెలుగులో, ఆయన కళ్ళముందే, ఆ పైపు మెల్లగా ఉబ్బింది. గుండ్రంగా అయింది. మళ్ళీ ఎప్పటిలా అమాయకంగా నిలబడింది. లోపలికి నీళ్ళు దూసుకుపోతూ, ఒక పొడుగాటి చప్పుడు...

"హూఁ... ఊఁ..."

తర్వాత ఒమురాలి మంచులో కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

"పీలుస్తోందమ్మా! పంపు పీల్చేసరికి పైపు లోపలికి ముడుచుకుపోతోంది. ఇంక నీళ్ళెక్కడివి? ఎక్కుడు మీద గట్టిగా తొక్కినప్పుడే పంపు అంత గట్టిగా పీలుస్తుంది. పట్నం వైపు వాలు నిదానం, వచ్చేటప్పుడు అంత తొక్కను. ఆపగానే మళ్ళీ ఉబ్బుతుంది. నేను బానెట్ ఎత్తేసరికి అంతా బాగానే ఉంటుంది. నెల రోజులుగా దీన్ని చేత్తో పట్టుకుని కూడా వదిలేశాను! గాడిదని నేను!"

"అది నాకు ముందే తెలుసు" అంది ఉల్కాన్, సీటు దిగుతూ. "ఇంకా మిగిలింది చెప్పు."

పైపు ఊడదీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ముడుచుకుపోకుండా లోపల ఒక తీగ చుట్ట ఉండాలి. అది ఎప్పుడో తుప్పు పట్టి, రేకు రేకులుగా రాలిపోయింది. కొత్తది కావాలంటే పట్నం పోవాలి. పట్నం పోవాలంటే బండి కావాలి. ఒమురాలి గొర్రెల దొడ్డి కంచె తీగ కోసి, పార కర్రకి చుట్టి చుట్టి, చుట్ట చేశాడు. దాన్ని పైపులోకి దూర్చాడు. వేళ్ళు చీరుకుపోయాయి. పైపు బిగించి, కూలెంటు నింపి, ఆఖరి మర తిప్పుతున్నాడు.

గుమ్మంలోంచి బూరుల్ పిలిచింది. గొంతు చిన్నగా ఉంది.

"ఏమయ్యా... ఉమ్మనీరు పోయింది."

పైవారం అనుకున్నది ఇవాళే వచ్చిపడింది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే, అది వేరే లోయలోకి పోయింది, తెల్లారాక గానీ రాలేదన్నారు. జెక్షెన్ కారు వేసుకుని అత్తారింటికి పోయాడు. ఆ రాత్రి ఊళ్ళో ఇంకో బండి లేదు. కళ్ళకి గంతలు కట్టే మధ్యాహ్నం కాదిది. చీకటి, మంచు, నొప్పులు... ఆ జీపు.

నేను, ముసలావిడ కలిసి బూరుల్‌ని దుప్పట్లలో చుట్టి వెనక సీట్లో కూర్చోబెట్టాం. ఆమె నా చెయ్యి వదల్లేదు. వేళ్ళు విడదీయాల్సొచ్చింది. ఉల్కాన్ ఆమె పక్కన ఎక్కింది. వెనక దీపం మంచులో కలిసిపోయేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

ఇకపైన బూరుల్ చెప్పింది.

ఎక్కుడు మొదలైంది. రెండో గేరు. ఒమురాలి తొక్కాల్సిందే, తొక్కకపోతే మంచులో బండి వెనక్కి జారుతుంది. ఆయన కళ్ళు దారి మీద సగం, ముల్లు మీద సగం. ముల్లు మధ్యకొచ్చింది. మధ్య దాటింది. ఆయన మెడ వెనక చెమట కారడం వెనక సీట్లోంచి కనపడుతోందట. ముల్లు అక్కడే ఆగి వణికింది. ఇంకా పైకి పోలేదు.

"ఎక్కడిదాకా వచ్చాం?" అంది బూరుల్, కళ్ళు మూసుకునే.

చెప్పనక్కర్లేదు. బండి వాలు మారింది. చదును వచ్చింది.

కళ్ళు తెరవకూడదనుకుంటూనే తెరిచింది. హెడ్‌లైట్ల వెలుగులో తలుపు లేని ఇల్లు. దాని ముందు బావి. గట్టు మీద తెల్లగా... ఎవరో వంగి కూర్చున్నట్టు.

"ఆపు! వెనక్కి తిప్పు! ఉంది, ఆవిడ ఉంది, నా బిడ్డని—"

"మంచే అది! గట్టు మీద మంచు!" అని అరిచాడు ఒమురాలి.

నొప్పి వచ్చింది. బూరుల్ మెలికలు తిరిగిపోయింది. ఊపిరి బిగబట్టింది. ఎంత చెప్పినా వదలడం లేదు. కళ్ళు బావి మీంచి తిప్పడం లేదు.

అప్పుడు ఉల్కాన్ ఆమె మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"నా వంక చూడు. ఆ బావిలో ఎవరూ లేరు. ఎప్పుడూ లేరు. ఆవిడ పేరు సాలికాన్. చావలేదు."

బూరుల్ కళ్ళు ఆవిడ మొహం మీదికి తిరిగాయి.

"ఆ మామ్‌బెత్ గాడు కొట్టేవాడు. కడుపుతో ఉన్నదాన్ని పట్టుకుని, బొగ్గు తవ్వే పారతో కొట్టేవాడు. నేను అప్పుడు పైన పచ్చిక బయళ్ళలో పాలు పితికేదాన్ని. దానికి కాస్త పాలు ఇచ్చిపోదామని వచ్చాను. మూతి వాచిపోయి, నీళ్ళు కూడా తాగలేకపోతోంది. ఇంక ఈ రాత్రి దాటదు అనిపించింది. తలగుడ్డ తీసి గట్టు మీద పెట్టింది, బొక్కెన పక్కన పెట్టింది. ఆ ఉపాయం తనదే. ఉన్ని లారీ ఒకటి వేడెక్కి ఇక్కడే ఆగి ఉంది. నేనే డ్రైవర్ని బతిమాలాను. బస్తాల మధ్య కూర్చోబెట్టి, నా కోటు కప్పి పంపించాను. దూరాన తోక్మొక్ అనే ఊరు చేరింది. ఆడపిల్లని కన్నది. విన్నావా? కన్నది. ఇద్దరూ బతికారు."

"అత్తా..."

"ఇక్కడి నుంచే కొండ దాటింది. మన లోయలో కడుపుతో అందరికంటే ముందు దాటింది అదే. నువ్వూ దాటుతావు. ఊపిరి వదులు. వదులు... అలా."

బూరుల్ ఊపిరి వదిలింది.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమమ్మా!" ఒమురాలి అద్దంలోంచి చూస్తూ అరిచాడు. "ఊరంతా బావిలో దెయ్యమని చస్తుంటే!"

"బావిలో ఉందనుకుంటే వాడు తోక్మొక్‌లో వెతకడు గదరా. వసంతం దాకా బతికున్నాడు ముదనష్టపు వాడు. పోయాక చెబుదామనుకున్నాను. ఇన్నేళ్ళు మూసుకున్న నోరు... తెరవడం చేతకాలేదు. రోడ్డు చూడు నువ్వు!"

వెనక బావి చీకట్లో కలిసిపోయింది. కొండ కొన వచ్చింది. అవతల వాలు మొదలయ్యేసరికి ముల్లు తనంతట తనే కిందికి దిగింది.

ఆసుపత్రిలో వెంటనే ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. పాత కుట్లు అప్పటికే పలచబడ్డాయట. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. కిటికీలు తెల్లబడుతుండగా, ఎర్రగా, కోపంగా ఏడుస్తున్న మగపిల్లాణ్ణి తెచ్చి ముసలావిడ చేతుల్లో పెట్టారు. ఒమురాలి దగ్గరికి వచ్చి ముట్టుకోబోయి ఆగిపోయాడు. చేతులకి ఇంకా నూనె, రక్తం అంటుకుని ఉన్నాయి. వరండాలోని కుళాయి దగ్గర సబ్బుతో తోమి తోమి కడుక్కుని వచ్చాడు. బిడ్డ పాదాన్ని వేలితో ఒకసారి ముట్టుకుని, బల్ల మీద తల్లి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా" అన్నాడు. "ఆవిడ... సాలికాన్. ఇప్పుడుందా?"

"ఉండకేం. మోకాళ్ళ నొప్పులు తప్ప బ్రహ్మాండంగా ఉంది. పోయిన వేసవిలో మనవరాలి పెళ్ళికి రమ్మని ఫోన్ చేసి ప్రాణం తీసింది."

"మరి వెళ్ళలేదేం?"

ఉల్కాన్ మనవడి తలకి చుట్టిన గుడ్డ సవరించి, కొడుకు వంక పైనుంచి కిందిదాకా చూసింది.

"దేంట్లో వెళ్ళమంటావురా? నీ బండిలోనా?"